క్షమించడమంటే వాటా అడగకపోవడమా?

ప్రశ్న: "అక్కా, వందనాలు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నాన్న చనిపోయి నాలుగేళ్లయింది. చివరి రెండేళ్లు ఆయన మంచంలో ఉంటే అత్తగారింటి నుంచి వచ్చి చూసుకున్నది నేనే. ఆదరణ కూడిక అయిన నెలలోపే అన్నయ్య నన్ను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లాడు. పాస్‌బుక్ మార్పించడానికని చెప్పి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాడు. 'నీ వాటా ఎక్కడికీ పోదు' అన్నాడు. పోయిన ఏడాది మా పాప కాలేజీ ఫీజు కోసం వాటా అడిగితే, నా హక్కు నేనే వదులుకున్నట్టు రాసిన కాగితం చూపించాడు. ఉన్నది ఒకటిన్నర ఎకరం మాగాణి, ఒక ఇల్లు. అన్నయ్య మా సంఘంలో పెద్ద, ఆదివారం కానుక సంచి పట్టేది ఆయనే. పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి, 'నువ్వు క్షమించకపోతే దేవుడు నిన్ను క్షమించడు. ఆ భూమి సంగతి వదిలేసి, అన్నతో సమాధానపడి, అప్పుడు బల్ల దగ్గరికి రా' అన్నారు. ఎనిమిది నెలలుగా ప్రభురాత్రి భోజనం తీసుకోవడం లేదు. క్షమించానని నోటితో ఎన్నోసార్లు అన్నాను. రాత్రయితే మళ్లీ అంతా గుర్తొస్తుంది. అన్నయ్య పిల్లలు కూడా ఒకరోజు ఇలాగే ఏడవాలనిపిస్తుంది. 'నేను పోయేలోపు మీరిద్దరూ కలవండి' అని అమ్మ ఏడుస్తుంది. కేసు వేస్తే నా విశ్వాసం పోయినట్టేనా? అసలు నా ప్రార్థన దేవుడు వింటున్నాడా?"

జవాబు:

అమ్మా, వందనాలు.

చివర అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. వింటున్నాడు. 55వ కీర్తన తీసి మెల్లగా చదవండి. అక్కడ దావీదు ఏడుస్తున్నది శత్రువు గురించి కాదు. శత్రువైతే ఓర్చుకునేవాణ్ణి అంటాడు. తనతో కలిసి దేవుని మందిరానికి నడిచిన మనిషే ద్రోహం చేశాడని గుండె పగిలి చెప్పుకుంటున్నాడు. ఆ కీర్తనలో కోపం ఉంది, శాపం కూడా ఉంది. "నీ భారము యెహోవామీద మోపుము" అని మన ఇళ్లలో క్యాలెండర్ల మీద కనిపించే వాక్యం ఆ శాపాల మధ్యలోదే. దేవుడు అంత కోపంగా ఉన్నవాడి మొర విన్నాడు కాబట్టే అది మన చేతికి వచ్చింది. మీరు రాత్రిళ్లు ఏడుస్తూ చేసేది కూడా ప్రార్థనే.

అయ్యగారు మీకు చెప్పిన వాక్యం మత్తయి 6:15. అది యేసు ప్రభువు మాట. దాన్ని పలచన చేసి మీకు ఊరట చెప్పలేను, చెప్పకూడదు కూడా. పరలోక ప్రార్థనలో మనం ప్రతివారం "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అంటాం. తర్వాత ప్రభువు ప్రత్యేకంగా మళ్లీ వివరించి చెప్పింది ఆ ఒక్క మనవినే. కాబట్టి క్షమించాలా వద్దా అనే దాంట్లో మీకూ నాకూ వేరే దారి లేదు. అయితే క్షమించడం అన్న పేరుతో మీ మీద ఇంకా రెండు బరువులు పెట్టారు. ఏమీ జరగనట్టు అన్నయ్యతో కలిసిపోవడం ఒకటి, వాటా అడగకుండా నోరు మూసుకోవడం ఇంకొకటి. ఆ రెండూ ఆ వాక్యంలో లేవు.

మత్తయి 18వ అధ్యాయం చూడండి. పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడగడం, "డెబ్బది ఏళ్ల మారులు" (అంటే డెబ్బై ఏడుల సార్లు) అని ప్రభువు చెప్పడం అందరికీ నోటికి వచ్చు. ప్రసంగాలు ఎక్కువగా 21వ వచనం దగ్గరే మొదలవుతాయి. కానీ 15వ వచనం నుంచి చదివితే, దానికి ముందే ప్రభువు ఇంకో మాట చెప్పాడు. నీ సహోదరుడు నీకు తప్పు చేస్తే, నువ్వు వెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు అతని తప్పు అతనికి చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు. అప్పుడూ వినకపోతే సంఘానికి చెప్పు. అంటే, క్షమించమని చెప్పిన నోటితోనే ప్రభువు తప్పును తప్పు అని చెప్పమన్నాడు. లూకా 17:3లో ఇంకా సూటిగా ఉంది: తప్పు చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు. మీ విషయంలో గద్దించడం అనే మెట్టును అందరూ దాటేశారు. నేరుగా మిమ్మల్ని తెచ్చి చివరి మెట్టు మీద నిలబెట్టారు.

ఆ అధ్యాయంలోని ఉపమానం కూడా మీ కోసం ఇంకోసారి చదవమంటాను. రాజుకు దాసుడు బాకీపడింది పదివేల తలాంతులు. ఆ దాసుడికి తోటి దాసుడు బాకీపడింది నూరు దేనారములు. ఒక దేనారము ఒక రోజు కూలి. ఒక తలాంతు 6,000 దేనారములు. అంటే మొదటివాడి అప్పు 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా తీరడానికి 2 లక్షల సంవత్సరాలు పడుతుంది. దేవుని ఎదుట మన అప్పు అలాంటిదని ప్రభువు చెప్పాడు. దీని ముందు నేనైనా మీరైనా తల వంచాల్సిందే.

రెండో అప్పు దగ్గర మాత్రం చాలామంది తొందరపడతారు. నూరు దేనారములు చిల్లర డబ్బులు అన్నట్టు మాట్లాడతారు. అది వంద రోజుల కూలి. రోజుకు 500 రూపాయలు అనుకున్నా 50,000. కూలి చేసుకునే ఇంటికి అది చిన్న మొత్తమా? మీకు జరిగింది చిన్న విషయమని ప్రభువు అనలేదు. రాజు కూడా ముందు కూర్చోబెట్టి లెక్క చూశాడు, ఎంత బాకీ ఉందో తేల్చాడు, ఆ తర్వాత వదిలిపెట్టాడు. లెక్క తేలకుండా మాఫీ చేయడం ఆ ఉపమానంలో లేదు. మీరు "క్షమించాను" అని ఎన్నిసార్లు అన్నా రాత్రికి మళ్లీ మొదటికి రావడానికి ఇది ఒక కారణమని నాకనిపిస్తోంది. ఏం జరిగిందో ఎవరూ మీతో కూర్చుని ఒప్పుకోలేదు. ముందు మీరే ఆ పని చేయండి. ఒక కాగితం మీద రాయండి: నాన్నకు చేసిన సేవ, ఆఫీసులో పెట్టిన సంతకం, ఆ రోజు అన్నయ్య అన్న మాట, పాప ఫీజు. దేవుని ముందు పేరు పెట్టి, ఇది మోసం అని చెప్పండి. మంచి మాటలతో కప్పకండి. క్షమాపణ అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు మీకు కష్టంగా ఉండే మాట చెప్పాలి. అన్నయ్య పిల్లలు ఏడవాలనిపిస్తోందని మీరు దాచకుండా రాశారు. అలా అనిపించడం నాకు అర్థమవుతుంది. కానీ క్షమించడమంటే సరిగ్గా దాన్ని విడిచిపెట్టడమే. "పగతీర్చుట నా పని" అని దేవుడు అన్నాడని పౌలు రోమా 12:19లో రాశాడు. ఆ పని ఆయన తన చేతిలో పెట్టుకున్నాడు, మనకివ్వలేదు. భూమి అడగడం మీ హక్కు. అన్నయ్య ఇల్లు నాశనమవ్వాలని కోరుకోవడానికి మాత్రం మీకు హక్కు లేదు. ఈ రెంటినీ విడదీయగలిగితే సగం దూరం వచ్చేసినట్టే.

ఆ పిల్లల పేర్లు మీకు తెలుసు, చిన్నప్పుడు ఎత్తుకుని ఉంటారు. ఈ రాత్రి నుంచి ఆ పిల్లలను పేరు పేరునా ప్రార్థనలో పెట్టండి. అన్నయ్య కోసం మాటలు రాకపోతే బలవంతం చేసుకోకండి, పిల్లలతో మొదలుపెట్టండి. మొదట్లో నోరు కదులుతుంది, మనసు కదలదు. ఫరవాలేదు. మళ్లీ కోపం వస్తే, నిన్న చేసిన క్షమాపణ అబద్ధమని అనుకోకండి. గుర్తొచ్చిన ప్రతిసారీ మళ్లీ అప్పగించాలి. పేతురుకు చెప్పిన ఆ పెద్ద లెక్కలో, ఒకే గాయం పదే పదే గుర్తొచ్చే రాత్రులు కూడా ఉన్నాయని నేను నమ్ముతాను.

క్షమిస్తే చట్టం దగ్గరికి పోకూడదా? మన దేశంలోనే జరిగిన సంగతి చెప్తాను. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. బారిపదలో కుష్ఠు రోగుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి ఆయన. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పింది, ఆ తర్వాత కూడా బారిపదలోనే ఉండి కొన్నేళ్లు ఆ రోగులకు సేవ చేసింది. ఆమె క్షమించింది కదా అని కేసు ఆగలేదు. విచారణ జరిగింది, 2003లో శిక్ష పడింది, ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమాపణ అబద్ధమని ఎవరైనా అనగలరా? ద్వేషాన్ని ఆమె వదిలేసింది. న్యాయం చేసే పని దానికి నియమితులైనవాళ్లు చేశారు.

కలిసిపోవడం వేరే సంగతి, దానికి ఇద్దరు కావాలి. యోసేపు కథ మనం పిల్లలకు తొందరగా చెప్పేస్తాం, అన్నలు వచ్చారు, యోసేపు కౌగిలించుకున్నాడు అని. ఆదికాండములో అంత తొందరగా జరగలేదు. పదిహేడేళ్ల వయసులో అమ్ముడుపోయాడు, ముప్ఫై ఏళ్లకు ఫరో ముందు నిలబడ్డాడు, ఏడేళ్ల పంట, రెండేళ్ల కరువు, అంటే అన్నలకు తానెవరో చెప్పేసరికి దాదాపు 22 ఏళ్లు. వాళ్లను మొదట చూసినప్పుడు కఠినంగా మాట్లాడాడు, షిమ్యోనును పట్టి ఉంచాడు, పక్కకు వెళ్లి ఏడ్చాడు. పగ లేదు, వాళ్ల గోనెల్లో ధాన్యం నింపి పంపాడు. నమ్మకం మాత్రం వెంటనే ఇవ్వలేదు. తనను అమ్మేద్దామని సలహా ఇచ్చిన యూదాయే, చివరికి బెన్యామీను బదులు నేను దాసుడిగా ఉంటానని ముందుకొచ్చాడు. ఆ మార్పు చూశాకే యోసేపు తనను తాను ఆపుకోలేకపోయాడు. మీ మనసులో పగ తీసేయడం మీ చేతిలో ఉంది. అన్నయ్యతో పాత బంధం మళ్లీ కలవడం ఆయన ఏం చేస్తాడన్న దాని మీద కూడా ఉంది. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని పౌలు రోమా 12:18లో రాసింది ఇందుకే.

ఇక్కడ ఒక్క మాట, ఈ పేజీ చదివే వేరే అక్కచెల్లెళ్ల కోసం. తాగి కొట్టే భర్త దగ్గరికి "క్షమించి వెళ్లు" అని పంపేవాళ్లు ఉన్నారు. క్షమించండి, కానీ దెబ్బలు తినడానికి వెళ్లకండి. దేవుడు అది అడగలేదు.

నిజంగా మారినవాడికి గుర్తు ఏమిటంటే జక్కయ్యను చూడండి. యేసు ఇంటికి వచ్చిన రోజున అతడు ఊరికే కన్నీళ్లు పెట్టుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ తర్వాతే "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అనే మాట వచ్చింది. మీ అన్నయ్య రక్షణ మీద మీకు నిజంగా ప్రేమ ఉంటే, మోసం చేసిన భూమితో ఆయన హాయిగా బతికేలా వదిలెయ్యడం ఆయనకు మేలు కాదు.

సమాధానపడి అప్పుడు రమ్మన్నది మత్తయి 5:23, 24 ఆధారంగా అయితే, దయచేసి అయ్యగారితో కలిసి ఆ వచనాలు మళ్లీ చదవండి. నీ మీద నీ సహోదరునికి విరోధం ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే విడిచిపెట్టి వెళ్లమని ఉంది. అంటే కానుక పక్కన పెట్టి లేవాల్సింది తప్పు చేసినవాడు. మీ సంఘంలో తప్పు చేసినవాడు కానుక సంచి పట్టుకుని తిరుగుతున్నాడు, నష్టపోయిన మీరు బల్లకు దూరంగా కూర్చున్నారు. ఇది నాకు చాలా బాధగా ఉంది. అయ్యగారికి చెడు ఉద్దేశం ఉందని నేను అనను. సంఘంలో గొడవ లేకుండా ఉండాలని చూసి ఉంటారు. కానీ గొడవ లేకపోవడం, సమాధానం ఉండడం ఒకటే కాదు. ఆ ఉపమానంలోనే తోటి దాసులు అన్యాయం చూసి దుఃఖపడి రాజుకు చెప్పారు. మీ సంఘ పెద్దలు ఆ తోటి దాసుల స్థానంలో ఉన్నారు.

కొరింథీయులకు పౌలు ప్రభురాత్రి భోజనం గురించి హెచ్చరించింది కూడా ఎలాంటి సంఘానికి? కలిగినవాళ్లు ముందు తిని, లేనివాళ్లను సిగ్గుపరిచిన సంఘానికి. అక్కడ కూడా, తన్ను తాను పరీక్షించుకుని "తినాలి" అన్నాడు, మానెయ్యమనలేదు. మీరు పరీక్షించుకున్నారు, మీ కోపం కూడా దాచలేదు. వచ్చే సంస్కారపు ఆదివారం వెళ్లండి. అయ్యగారు ఏమంటారో అని భయం ఉంటే, ముందే వెళ్లి, "నేను పగ విడిచిపెడుతున్నాను, వాటా మాత్రం అడుగుతాను, ఈ రెండూ మీకు చెప్పి వస్తున్నాను" అని చెప్పండి.

కేసు విషయం. విశ్వాసులు ఒకరి మీద ఒకరు అవిశ్వాసుల ముందుకు వెళ్లడం 1 కొరింథీ 6లో పౌలు తప్పుపట్టాడు. అన్యాయం సహించడం మేలు కాదా అని కూడా అడిగాడు. ఆ మాట దాటవేయను. కానీ ఆ వెంటనే, సహోదరులకు అన్యాయం చేసేవాళ్లను ఇంకా గట్టిగా గద్దించాడు. మీలో తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అన్నాడు. కాబట్టి ముందు సంఘానికి ఆ అవకాశం ఇవ్వండి. రేపు మీరు ప్రార్థించి, ఆ భూమి నాకు వద్దు అని మీ అంతట మీరు వదిలేసుకుంటే అది గొప్ప త్యాగమే. అయితే ఆ నిర్ణయం మీది. ఆ భూమి వల్ల లాభపడుతున్నవాళ్లు మీ చేత చేయించేది త్యాగం కాదు.

వాటా అడిగిన ఆడపిల్ల ఆశపోతు అని ఎవరైనా అంటే సంఖ్యాకాండము 27 చూపించండి. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే ఐదుగురు అక్కచెల్లెళ్లు మోషే ముందు, సమాజమంతటి ముందు నిలబడి నాన్న స్వాస్థ్యం అడిగారు. మోషే దేవుణ్ణి అడిగితే, "సెలోపెహాదు కుమార్తెలు చెప్పినది యుక్తము" అని జవాబు వచ్చింది.

ఇక చేయాల్సింది. మొదట అన్నయ్యతో ఒంటరిగా మాట్లాడండి. ఫోన్‌లో వద్దు, అమ్మ ముందు వద్దు. "నీ మీద నాకు పగ లేదు అన్నయ్యా, కానీ నువ్వు చేసింది మోసం, నా వాటా నాకు ఇవ్వు" అని రెండు ముక్కల్లో చెప్పి వచ్చేయండి. వాదనలోకి దిగితే పాత లెక్కలన్నీ బయటికొచ్చి అసలు విషయం పోతుంది. వినకపోతే ఇద్దరూ గౌరవించే పెద్దమనిషిని, వేరే సంఘంలోని ఒక అయ్యగారిని తీసుకెళ్లండి. తర్వాత సంఘ పెద్దలకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఆ కూర్చోబెట్టి మాట్లాడే రోజు అన్నయ్య పెద్దల వరుసలో కూర్చోకూడదని అడగండి.

దీనికి సమాంతరంగా ఈ నెలలోనే ఒక లాయర్ని కలవండి, ఆలస్యం చేయకండి. మోసంతో రాయించుకున్న పత్రాన్ని రద్దు చేయమని అడగడానికి సాధారణంగా ఆ మోసం తెలిసిన రోజు నుంచి 3 సంవత్సరాలే గడువు. మీకు తెలిసి ఇప్పటికే ఏడాది. లాయర్ని కలవడం అంటే కేసు వేసినట్టు కాదు, మీ దారి మూసుకుపోకుండా చూసుకోవడం. డబ్బుల టెన్షన్ పెట్టుకోకండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. గుంటూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అర్జీ పెట్టండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించమని కూడా అడగొచ్చు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుంటేనే పరిష్కారం, ఆ తీర్పుకు కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది. అన్నాచెల్లెళ్ల తగాదాకు అది మంచి దారి అని నా అభిప్రాయం. వెళ్లేటప్పుడు రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఆ పత్రం నకలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల కాగితం), వాటితో పాటు భూమి రికార్డులైన అడంగల్, 1బీ తీసుకెళ్లండి.

అమ్మగారి గురించి. ఆవిడ కన్నీళ్లకు జవాబుగా మీరు మౌనంగా ఉండిపోకండి. "అమ్మా, నేను అన్నయ్యను శపించడం లేదు, పిల్లల కోసం ప్రార్థన చేస్తున్నాను, కలవడానికి నా వైపు తలుపు తీసే ఉంది, వాటా మాత్రం అడుగుతాను" అని చెప్పండి. ఆవిడ దగ్గరికి వెళ్లడం మానకండి.

ఇంకో సంగతి కూడా కనుక్కోండి. నాన్నగారు వీలునామా రాయకుండా చనిపోయి ఉంటే, క్రైస్తవులకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు కొడుకూ కూతురూ అన్న తేడా లేకుండా పిల్లలకు సమానంగా వస్తాయి. హిందూ వారసత్వ చట్టం కింద చూసినా కూతురికి వాటా ఉంటుంది, భార్యకూ ఉంటుంది. అంటే ఆ పొలంలో, ఆ ఇంట్లో అమ్మగారిది కూడా ఒక భాగం. ఆ రోజు రిజిస్ట్రారు ఆఫీసుకు ఆవిడను కూడా తీసుకెళ్లారా, ఆవిడ చేత కూడా సంతకం పెట్టించారా అని మెల్లగా అడగండి.